నమ్మినవారే మోసం చేస్తే: మనసులో మిగిలిన చేదును వదిలించుకునే దారి

బయటివాడు మోసం చేస్తే డబ్బు పోతుంది. మన ఇంట్లో అన్నం తిన్నవాడు, మన పక్కనే మోకరించి ప్రార్థించినవాడు మోసం చేస్తే డబ్బుతోపాటు నిద్ర కూడా పోతుంది. పోయిన డబ్బు తిరిగి సంపాదించుకున్నా, ఆ మనిషి పేరు వినబడగానే కడుపులో ఏదో మెలిపెడుతుంది. ఆ మెలి ఎలా విప్పుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ద్రోహాల్లో ఎన్నో రకాలున్నాయి. చెప్పేది గాలిలో తేలిపోకుండా ఒక రకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. సంఘంలోని స్నేహితుడి బ్యాంకు అప్పుకు మీరు పూచీకత్తు సంతకం చేశారు. అతను వాయిదాలు ఎగ్గొట్టాడు. నోటీసు మీ ఇంటికి వచ్చింది. ఫోను చేస్తే ఎత్తడు. ఆదివారం ఆరాధనలో మాత్రం ముందు వరుసలో నిలబడి చేతులెత్తి పాడుతున్నాడు. మీది భార్యాభర్తల మధ్య జరిగిన ద్రోహమైనా, అన్నదమ్ముల మధ్య ఆస్తి మోసమైనా అడుగులు దాదాపు ఇవే. తేడా వచ్చిన చోట చెబుతాను.

నోటీసు వచ్చిన వారంలోనే "క్షమించేయండి, మరచిపోండి" అని చెప్పడానికి వచ్చేవారు ఉంటారు. వారు చెడ్డవారు కారు. మీ బాధ చూడటం వారికి ఇబ్బంది, అంతే. వారికి మర్యాదగా కాఫీ ఇచ్చి పంపండి. యేసు క్షమించమన్నాడు, సందేహం లేదు. అయితే "నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల అతని గద్దించుము" అన్నదీ ఆయనే, లూకా 17వ అధ్యాయంలో. తప్పును తప్పని పేరుపెట్టి పిలిచాకే క్షమాపణ మాట వస్తుంది.

మొదటి అడుగు: జరిగింది కాగితం మీద పెట్టండి

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు జరిగింది మాత్రమే రాయండి: ఏ నెలలో సంతకం చేశారు, ఎంత మొత్తం, అతను ఏమని మాట ఇచ్చాడు, ఎప్పటి నుంచి ఫోను ఎత్తడం మానేశాడు. కుడివైపు మీరు ఊహించుకున్నది రాయండి: "మొదటి నుంచీ ముంచాలనే వచ్చాడు", "వాళ్లావిడకు అంతా తెలుసు", "నన్ను చూసి లోలోపల నవ్వుకుంటున్నాడు". కుడివైపు రాసినవి నిజం కావచ్చు, కాకపోవచ్చు. రాత్రి రెండింటికి మనల్ని లేపి కూర్చోబెట్టేవి మాత్రం ఎక్కువగా అవే.

దాని కింద, డబ్బు కాకుండా ఇంకేం పోయిందో రాయండి. అమ్మాయి ఫీజు కోసం దాచింది పోయి ఉండవచ్చు. ఇంట్లో మీ మాటకున్న విలువ తగ్గి ఉండవచ్చు. "ఆయన్ని నమ్మవద్దని అప్పుడే చెప్పానుగా" అని భార్య అన్న మాట ఒకటి గుండెలో దిగి ఉండవచ్చు. హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం చేదైన వేరు గురించి హెచ్చరిస్తుంది, అది మొలిస్తే అనేకులు చెడతారంటుంది. తుంగను పైపైన కోస్తే వారం తిరగకముందే మళ్లీ మొలుస్తుంది, కింద గడ్డ ఎక్కడుందో చూసి తవ్వాలి. చాలామంది ఏడాదిపాటు డబ్బు గురించి ప్రార్థిస్తారు. లోపల కుళ్లుతున్నది మాత్రం నలుగురిలో పోయిన పరువు. అందుకే ఈ కాగితం.

రెండో అడుగు: దేవునికి ఉన్నదున్నట్టు చెప్పండి

మన ప్రార్థనలకు ఒక అలవాటైన బాణీ ఉంది: స్తోత్రంతో మొదలై స్తోత్రంతో ముగుస్తాయి. మధ్యలో కోపానికి చోటుండదు. బైబిలులోని కీర్తనలకు ఈ మొహమాటం లేదు. వాటిలో దాదాపు మూడో వంతు మొరలే. 55వ కీర్తన ఇటువంటి దెబ్బ తిన్నవాడు పాడిందే. శత్రువు దూషించి ఉంటే భరించేవాడిని, పగవాడైతే దాక్కునేవాడిని, చేసినవాడివి నువ్వు, నా చెలికాడివి, ఇద్దరం కలిసి దేవుని మందిరానికి వెళ్లినవాళ్లం అంటాడు దావీదు. 109వ కీర్తన శాపాలతో నిండి ఉంటుంది. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. చివర్లో ఒక్క ఆశావచనం కూడా అతికించలేదు. ఇవన్నీ పరిశుద్ధ గ్రంథంలోనే ఉన్నాయి. ఇటువంటి మాటలు దేవుడు వింటాడనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇలా చేయండి. ఇంట్లో అందరూ పడుకున్నాక 55వ కీర్తనను పైకి వినిపించేలా చదవండి. 13వ వచనం దగ్గర ఆగి, ఆ మనిషి పేరు చెప్పి, అతను చేసింది మీ సొంత మాటల్లో దేవునికి చెప్పండి. గ్రాంథికం అక్కరలేదు. ఏడుపు వస్తే రానివ్వండి. దేవుని మీదే కోపం ఉంటే అదీ చెప్పండి. సర్వశక్తుడు నాకు చాలా దుఃఖం కలిగించాడని నయోమి బేత్లెహేము స్త్రీల ముందే అంది, ఆ మాటకు ఆమెను ఎవరూ గద్దించలేదు. తర్వాత 22వ వచనం చదివి ముగించండి: "నీ భారము యెహోవామీద మోపుము". శాంతి వెంటనే రాకపోవచ్చు. మర్నాడు మళ్లీ చదవండి.

ఆ మాటలు దేవుని ముందు మాట్లాడండి, వాట్సాప్ స్టేటస్‌లో కాదు. "యెహోవా, నాతో వ్యాజ్యెమాడువారితో వ్యాజ్యెమాడుము" అని పొద్దున్నే స్టేటస్ పెట్టి, అతను చూశాడా లేదా అని గంటకోసారి చూసుకోవడం ప్రార్థన కిందకు రాదు.

మూడో అడుగు: ఒకరిద్దరికి చెప్పండి, ఊరందరికీ కాదు

మన సంఘాల్లో ఒక చాడీ మంచి బట్టలు కట్టుకుని తిరుగుతుంది. దాని పేరు ప్రార్థన మనవి. "ఫలానా సహోదరుడి కోసం ప్రార్థించండి, అప్పులపాలై అబద్ధాలు ఆడుతున్నాడు" అంటే ఏమన్నట్టు? పైకి భారం, లోపల కసి. చెప్పినప్పుడల్లా కథకు కొంత కారం పడుతుంది, ఆ తర్వాత మీరు చెప్పిన కథకు మీరే కాపలా కాయాలి.

నోరు కట్టేసుకుని కూర్చోమని కాదు. మత్తయి 18వ అధ్యాయం 15 నుంచి 17 వచనాల్లో క్రమం స్పష్టంగా ఉంది: ముందు మీరు ఒక్కరే వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఆ ఒకరిద్దరూ మీ పక్షాన అరిచేవారు కాకూడదు. మీ తప్పు ఉంటే మీకే చెప్పగలిగిన పెద్దవారిని ఎంచుకోండి. మాట్లాడటానికి వెళ్లేటప్పుడు మొదటి అడుగులో రాసిన కాగితంలో ఎడమవైపున్నదే తీసుకెళ్లండి.

ద్రోహం చేసింది కాపరే అయితే, లేదా అతను కాపరికి బంధువైతే, ఆ సంఘం గడప దాటి బయట మరొక నమ్మకమైన పెద్దను వెతుక్కోండి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్నచోట "ఒక్కరే వెళ్లి మాట్లాడండి" అన్న సలహా అసలు వర్తించదు. ముందు సురక్షితమైన చోటికి వెళ్లండి. మహిళలకు 181, అత్యవసరమైతే 112 ఉన్నాయి. నిద్ర, తిండి పూర్తిగా పోయినా, బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసలోపం కాదు, లూకా వైద్యుడే.

నాలుగో అడుగు: మూడు లెక్కలను విడదీయండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. చేదు వదలకపోవడానికి అసలు కారణం చాలామందిలో ఇక్కడే ఉంటుంది. క్షమించడం, మళ్లీ నమ్మడం, తిరిగి కలవడం. ఈ మూడూ ఒక్కటేనని అనుకుంటాం. "క్షమిస్తే మళ్లీ సంతకం పెట్టమంటాడు" అన్న భయంతో క్షమించడమే వాయిదా వేస్తాం.

రెండో తిమోతి పత్రిక 4వ అధ్యాయం తెరవండి. పౌలు చెరసాలలో ఉన్నాడు, మరణం దగ్గరలో ఉందని తెలుసు. ఆ ఒక్క అధ్యాయంలోనే తనను నొప్పించిన మూడు రకాల మనుషుల గురించి రాశాడు. మొదటివాడు మార్కు. పంఫూలియలో పౌలును విడిచి వెళ్లిపోయినవాడు. అతని విషయంలోనే పౌలు, బర్నబా విడిపోయేంత గొడవ జరిగింది. ఇప్పుడు ఆ మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతను నాకు పనికివస్తాడని పౌలు రాస్తున్నాడు. క్షమాపణ ఉంది, నమ్మకం తిరిగి వచ్చింది, కలయిక కూడా ఉంది.

రెండో రకం, మొదటి విచారణలో పౌలు పక్కన నిలబడకుండా జారుకున్నవారు. "అది వారికి నేరముగా ఎంచబడకుండును గాక" అన్నాడు. క్షమించాడు. వారిని పిలవమని మాత్రం రాయలేదు.

మూడోవాడు అలెక్సంద్రు అనే కంచరివాడు. నాకు చాలా కీడు చేశాడు, అతని క్రియల ప్రకారం ప్రభువు ప్రతిఫలమిస్తాడు, అతని విషయంలో నువ్వు కూడా జాగ్రత్తగా ఉండు అని తిమోతికి హెచ్చరిక. పగ తీర్చుకునే పని దేవునికి వదిలేశాడు. అతను ఏమీ చేయనట్టు నటించలేదు, మరొకరు అతని చేతిలో పడకుండా పేరు పెట్టి చెప్పాడు కూడా.

మీ మనిషి వీరిలో ఎవరో మీరే తేల్చుకోవాలి. ఇవాళ ఒక పేరు కింద ఉన్నవాడు పదేళ్లకు మరో పేరు కిందకు రావచ్చు, మార్కు అలా వచ్చినవాడే. క్షమించడం ముగ్గురి విషయంలోనూ మీ చేతిలో ఉంది, అవతలివాడు మారినా మారకపోయినా చేయవచ్చు. నమ్మకం అతని ప్రవర్తన మీద ఆధారపడుతుంది. తిరిగి కలవడానికి ఇద్దరూ కావాలి. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమని రోమా 12వ అధ్యాయం అంటుంది. మన చేతిలో లేనిది మన మీద మోపలేదు. యేసు కూడా యెరూషలేములో అనేకులు తనను నమ్మినప్పుడు, అందరినీ ఎరిగినవాడు గనుక తనను తాను వారి వశం చేసుకోలేదని యోహాను 2వ అధ్యాయం చెబుతుంది.

కేసు పెట్టడమూ పగ తీర్చుకోవడమూ ఒకటి కావు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహరపూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను జీపులో సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పారు, కుష్ఠురోగుల మధ్య పనిని కొనసాగించారు. కేసు మాత్రం తన దారిన తాను నడిచింది. ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆమె క్షమించడానికి కోర్టు అడ్డు రాలేదు, కోర్టుకు ఆమె క్షమాపణ అడ్డు రాలేదు.

డబ్బు సంగతి

విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కడాన్ని పౌలు 1 కొరింథీ 6లో తప్పుపట్టాడు. అందుకే ముందు సంఘపెద్దల దగ్గర కూర్చోండి. అయితే ఆ అధ్యాయంలోనే, తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘాన్నీ నిలదీశాడు. తీర్పు చెప్పడానికి ముందుకు రాని సంఘం, కోర్టుకు వెళ్లవద్దని మాత్రం చెప్పడం న్యాయం కాదు. పౌలు కూడా అన్యాయంగా చిక్కుకున్నప్పుడు కైసరుకు చెప్పుకొంటానన్నాడు.

చట్టం దగ్గర తెలిసి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. పూచీ ఉన్నవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. మామూలుగా బ్యాంకు నేరుగా మిమ్మల్ని అడగవచ్చు. మీరు కట్టిన సొమ్మును అతని దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంది, కట్టిన ప్రతి రసీదూ దాచండి. చేబదులుకు ప్రామిసరీ నోటు ఉంటే మూడేళ్లలో కాలదోషం పడుతుంది. గడువులోపే కొంతైనా కట్టించుకుని నోటు వెనుక చెల్లు రాయించుకోవడమో, నోటు తిరగరాయించుకోవడమో చేయండి. ప్రేమ పేరుతో గడువు దాటనిచ్చి, తర్వాత జీవితాంతం పళ్లు నూరుకునేవారు చాలామంది.

అవన్నీ వద్దు, వదిలేస్తాను అనుకుంటే అది మీ ఇష్టం. అలా వదిలేసేటప్పుడు ఎంత వదిలేస్తున్నారో అంకె రాసి, దేవుని ముందు ఆ అంకె చదివి వదిలేయండి. లెక్క తెలియకుండా వదిలేసింది మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది.

ఐదో అడుగు: రోజూ చేయాల్సిన పని

మత్తయి 18లో ఇద్దరు బాకీదారుల కథ మనందరికీ తెలుసు. పదివేల తలాంతుల బాకీ రద్దయినవాడు, తనకు నూరు దేనారములు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. ఆ నూరు దేనారములను "ఏదో చిల్లర" అని బోధిస్తుంటారు. అది సరికాదు. ఒక దేనారము ఒక రోజు కూలి. నూరు దేనారములంటే కూలివాడి మూడు నెలల పైచిలుకు కష్టం. మీకు పోయింది చిన్నదని యేసు అనడం లేదు, పెద్దదే. ఒక తలాంతుకు ఆరువేల దేనారములు చొప్పున లెక్కేస్తే అవతలి బాకీ ఆరు కోట్ల దేనారములు అవుతుంది, ఆరు లక్షల రెట్లు. మీ గాయాన్ని తక్కువ చేసి చూసుకోమని ఆ కథ అడగదు. మనకు రద్దయినదాని పక్కన పెట్టి చూసుకోమంటుంది.

డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించాలన్న మాటకు చేసిన ఒక్క తప్పునే అన్నిసార్లు క్షమించడం అన్న అర్థం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. సోమవారం క్షమించినది బుధవారం కూరగాయల బజారులో అతని స్కూటరు కనబడగానే తిరిగి లేస్తుంది. మీ మొదటి క్షమాపణ అబద్ధమని దానికి అర్థం కాదు. అక్కడే నిలబడి మూడు ముక్కలు చెప్పుకోండి: "ప్రభువా, అతను చేసింది తప్పే. ఆ లెక్క నీకు అప్పగించాను. ఇవాళ కూడా అప్పగిస్తున్నాను." తర్వాత వంకాయల బేరం చేసుకోండి.

కొన్నాళ్లకు అతని కోసం ప్రార్థించడం మొదలుపెట్టండి. "అతన్ని ఆశీర్వదించు" అన్న మాట గొంతులో అడ్డుపడితే చిన్నదానితో మొదలుపెట్టవచ్చు. వాళ్లబ్బాయి పదో తరగతి పరీక్షలు, వాళ్లమ్మగారి మోకాళ్ల నొప్పులు. పిల్లల మీదా ముసలివాళ్ల మీదా పగ పట్టడం కష్టం, ప్రార్థన ఆ సందులోంచి లోపలికి వెళుతుంది. అదీ నోటికి రాకపోతే, రావడం లేదని చెప్పండి, అది కూడా ప్రార్థనే.

ప్రభువు బల్ల దగ్గర

అతను ఆ వైపు బెంచీలో, మీరు ఈ వైపు బెంచీలో. పాత్ర వరుసగా చేతులు మారుతూ వస్తోంది. తీసుకోవాలా వద్దా? దీనికి కొందరు పెద్దలు మత్తయి 5వ అధ్యాయం చూపించి, "ముందు వెళ్లి అతనితో సమాధానపడిరా" అని దెబ్బతిన్నవారినే పంపుతారు. ఆ వచనం ఎవరితో చెప్పిందో చూడండి: నీమీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉందని జ్ఞాపకం వస్తే, అంటే నువ్వు తప్పు చేసినవాడివైతే, అర్పణం అక్కడే విడిచి వెళ్లు అని. లేచి వెళ్లాల్సింది ముందు బెంచీలో చేతులెత్తి పాడుతున్నాయన. మీకు వర్తించేది మార్కు 11:25, ఒకరి మీద విరోధం మీకుంటే నిలబడి ప్రార్థించేటప్పుడు క్షమించండి అన్నది. దానికి ఎవరింటికీ వెళ్లనక్కర్లేదు, నిలబడిన చోటే చేయవచ్చు.

ప్రతి బల్లారాధనలో కాపరి చదివే మాట మరోసారి వినండి: "ప్రభువైన యేసు తాను అప్పగింపబడిన రాత్రి యొక రొట్టెను ఎత్తికొని". ఆ విందుకు తేదీ వేసిందే ద్రోహం జరిగిన రాత్రితో. అప్పగించేవాడి చెయ్యి అప్పుడు బల్ల మీదే ఉందని లూకా రాశాడు. ఇటువంటి మనిషితో ఒకే గదిలో కూర్చుని రొట్టె విరవడం ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాలా? తీసుకోండి. చేతులు వణికినా తీసుకోండి.

అతను తిరిగి వస్తే

యోసేపును సొంత అన్నలే అమ్మినప్పుడు అతనికి 17 ఏళ్లు. ఫరో ముందు నిలబడినప్పుడు 30. ఏడు పంటల ఏళ్లు, రెండు కరువు ఏళ్లు గడిచాక అన్నలకు తానెవరో చెప్పాడు. దాదాపు 22 ఏళ్లు. ధాన్యానికి వచ్చిన అన్నలను చూసిన వెంటనే కౌగిలించుకోలేదు. పక్కకు వెళ్లి ఏడ్చాడు, తిరిగి వచ్చి పరీక్ష పెట్టాడు. ఏ పరీక్ష? తండ్రికి ముద్దుల కొడుకైన బెన్యామీనును వదిలేసి తమ దారి తాము చూసుకునే అవకాశం ఇచ్చాడు, తనకు జరిగినట్టే. అప్పుడు యూదా ముందుకు వచ్చాడు. యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చింది ఆ యూదాయే. తమ్ముడి కోసం తండ్రి దగ్గర పూటపడి వచ్చాను, అతని బదులు నన్ను దాసుడిగా ఉంచుకో అన్నాడు. అమ్మినవాడు పూచీ నిలబడ్డాడు. యోసేపు ఇక తమాయించుకోలేకపోయాడు.

అతను మీ గడప తొక్కితే కన్నీళ్లను కొలబద్దగా పెట్టుకోకండి. "నేను చేసింది తప్పు" అన్నాడా, "పరిస్థితులు అలా వచ్చాయి" అన్నాడా? తిరిగి ఇవ్వడానికి ఏదైనా మొదలుపెట్టాడా? జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. నెలకు వెయ్యి రూపాయలైనా క్రమం తప్పకుండా ఇచ్చేవాడు, గుక్కపట్టి ఏడ్చి వెళ్లిపోయేవాడికన్నా మార్గంలో ముందున్నాడు. భార్యాభర్తల విషయంలో కొలత ఇంకా కఠినంగా ఉండాలి. బయటి బంధం తెగిందా, ఫోను దాచడం మానారా, పెద్దల ఎదుట ఒప్పుకున్నారా అని చూడాలి. వీటికి నెలలు పడితే పట్టనివ్వండి. రెండోసారి పూచీ సంతకం మాత్రం వద్దు. క్షమించాక కూడా వద్దు. పూటపడ ఒప్పనివాడు నిర్భయంగా ఉంటాడని సామెతలు 11వ అధ్యాయమే చెబుతోంది.

అతను ఎన్నటికీ రాకపోతే

ఎక్కువమంది రారు. అప్పుడు మిగిలేవి చిన్న చిన్న నిర్ణయాలే. వాళ్లమ్మాయి పెళ్లికి కార్డు వస్తే వెళ్లాలా? వెళ్లలేకపోతే వెళ్లకండి, కానుక పంపకపోయినా పాపం లేదు. మీ పిల్లలు "ఆ అంకుల్ మన ఇంటికి ఎందుకు రావడం లేదు" అని అడిగితే, డబ్బు దగ్గర మాట తేడా వచ్చిందని ఒక్క వాక్యంలో చెప్పి ఆపండి. మీ కోపాన్ని వాళ్లకు ఆస్తిగా రాసి ఇవ్వవద్దు. అతని వ్యాపారం దెబ్బతిందని ఎవరైనా ఉత్సాహంగా చెప్పడానికి వస్తే వివరాలు అడగకండి. శత్రువు పడినప్పుడు సంతోషించవద్దని సామెతలు 24వ అధ్యాయంలో ఉంది. వివరాలు అడగడంతోనే ఆ సంతోషం మొదలవుతుంది.

వాళ్లింట్లో చావు జరిగితే మాత్రం వెళ్లండి. పది నిమిషాలు నిలబడండి. పోయినవారి గురించి మీకు తెలిసిన మంచి మాట ఒకటి చెప్పండి, కుర్చీ వేస్తే కూర్చోండి. డబ్బు మాట ఎత్తకండి, అతను ఎత్తినా "ఇవాళ వద్దు" అనండి. సమాధి తోటదాకా నడవాలా వద్దా అన్నది అక్కడికి వెళ్లాక మీకే తెలుస్తుంది.